పూలపొదలను కత్తిరించుట: ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు

చదువవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 25:1–5, ద్వితీయోపదేశకాండము 22:6, 7, యెషయా 18:5, లూకా 13:6–9, యోహాను 15:1–8.



యోహాను సువార్త 15వ అధ్యాయము మనలో చాలమందికి కంఠస్థము. అయినను ద్రాక్షతీగెను కత్తిరించుట కన్నులార చూచినవారు మన పల్లెలలో కొద్దిమందియే. అనంతపురము, హైదరాబాదు ప్రాంతములలో ద్రాక్షతోటలు పెంచు రైతులకు ఆ పని తెలియును. వారు ఏటేట రెండు మారులు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీగెలను కత్తిరింతురు. మొదటి కత్తిరింపు కొమ్మను పెంచుటకు, రెండవది కాయను తెచ్చుటకు. తక్కిన మనకు కత్తిరింపు అనగా పండుగ ముందు కొడవలి చేతపట్టి, త్రోవకు అడ్డము వచ్చిన కొమ్మలను నరికి ప్రక్కకు పారవేయుట.

ఆ తొందరలో కలుగు నష్టము చిన్నది కాదు. మల్లెమొగ్గ లమ్ముకొని ఉప్పు, నూనె కొనుక్కొను ఇంటికి, కాలము కాని కాలములో వేసిన కత్తి ఒక వేసవి ఆదాయమును తీసివేయును. పెద్దలు నాటిన మందారము మొద్దుబారి లోపల పుచ్చిపోవును. గన్నేరు కొమ్మలను దొడ్డి ప్రక్క వేసినందున పాడియావు చచ్చును. కావున ఈ మాసము దేవాలయపు ఆవరణములోను, మన వాకిళ్లలోను ఉన్న పూలపొదలను ఎట్లు కత్తిరింపవలెనో క్రమముగా నేర్చుకొందము.

1. పూర్వికులు ఈ పనిని కాలమెరిగి చేసిరి

గెజెరు అను ప్రాచీన పట్టణపు త్రవ్వకములలో 1908వ సంవత్సరమున ఒక చిన్న సున్నపురాతి పలక దొరికినది. అది క్రీస్తునకు పూర్వము 10వ శతాబ్దము నాటిదని పండితులు చెప్పుదురు. సంవత్సరములోని సేద్యపు పనులన్నియు దాని మీద నెలల వరుసను చెక్కబడియున్నవి. విత్తుటకు ఇన్ని నెలలు, యవలకోతకు ఇన్ని నెలలు అని వ్రాసినట్లే, ద్రాక్షలను కత్తిరించి బాగుచేయుటకు రెండు నెలలు దానిలో ప్రత్యేకింపబడినవి. కత్తిరింపు తీరిక దొరికినప్పుడు చేయు పని కాదు. దానికి తన నెల ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

లేవీయకాండము 25వ అధ్యాయములో ఆరు సంవత్సరములు తోటను కత్తిరించుకొనుటకు సెలవు, ఏడవ సంవత్సరము దానిని ముట్టకుండ విడుచుటకు ఆజ్ఞ కలవు. యెషయా 18:5లో పువ్వు రాలి కాయ కట్టిన తరువాత, కోతకు ముందు, మచ్చుకత్తితో రెమ్మలను తీసివేయు సంగతి చెప్పబడినది. ఇట్లు ఎప్పుడు కోయవలెనో, ఎప్పుడు కోయకూడదో రెండును వాక్యములో కనబడుచున్నవి.

యోహాను 15వ అధ్యాయము రెండవ వచనములో వ్యవసాయకుడు చేయు రెండు పనులున్నవి. ఫలింపని తీగెను తొలగించుట ఒకటి, ఫలించు తీగెను బాగుచేయుట మరియొకటి. గ్రీకు మూలములో ఈ రెండు క్రియలును వినుటకు దగ్గర దగ్గరగా నుండును. మొదటిది ఐరేయ్, రెండవది కథైరేయ్. ఈ రెండవ మాటకు శుభ్రపరచుట అని అర్థము. ఈ భేదమును మనస్సులో నుంచుకొని మన వాకిటి పొదల యొద్దకు వత్తము. ఏ కొమ్మను తొలగింపవలెను, ఏ కొమ్మను బాగుచేయవలెను అని నిర్ణయించుటయే కత్తిరింపులో మొదటి పని. కత్తి దాని తరువాత.

2. చెట్టు గాయము మన గాయమువంటిది కాదు

మన చేయి తెగినచో క్రొత్త చర్మము పుట్టి ఆ గాయము పూడిపోవును. చెట్టుకును అట్లే జరుగునని మన మనుకొందుము. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు (1930–2006) చెట్లను నిలువున కోసి, పాత గాయముల లోపల ఏమి జరిగినదో ఏండ్ల తరబడి పరిశీలించెను. ఆయన 1977లో ప్రకటించిన సంగతి ఇది: చెట్టు చెడిన కఱ్ఱను తిరిగి బాగుచేసికొనదు. చెడిన భాగమును విడిచిపెట్టి, దాని చుట్టు గోడ కట్టినట్లు అడ్డు ఏర్పరచుకొని, ఆ వెలుపల క్రొత్త కఱ్ఱను పెంచుకొనును. పై నుండి చూచువారికి గాయము మూసికొనినట్లు కనబడును గాని, లోపల అది చెట్టు బ్రదికినన్నాళ్లు నిలిచియే యుండును.

కాబట్టి మనము వేయు ప్రతి కోతయు చెట్టు ఎల్లకాలము మోయవలసిన భారము. సరియైన చోట పడిన కోతను అది త్వరగా చుట్టివేసికొనును. తప్పు చోట పడిన కోతను చుట్టలేక పోవును. ఆ సందునుండి బూజు, పుచ్చు, చెదలు లోపలికి పోవును. కొమ్మ ఎంత కోసితిమి అనుదాని కంటె ఎక్కడ కోసితిమి అనునది ముఖ్యము.

కోసిన చోట పేడ, తారు, రంగు పూయుట కొందరికి అలవాటు. ఇట్టి పూతలు పుచ్చును ఆపవని షైగో మొదలైనవారి పరిశోధనలలో తేలినది. పూతలో కంటె పదునైన కత్తిలోను, సరియైన చోటులోను మేలు ఎక్కువ. పూలపొదలకు పూత లేకుండ విడిచిపెట్టవచ్చును.

3. కొమ్మ కొన చేయు పెత్తనము

కొమ్మ కొన త్రుంచినచో ప్రక్క రెమ్మలు పుట్టునని ప్రతి రైతుకును తెలియును. కారణమేమి? కొనమొగ్గలో ఆక్సిన్ అను రసము పుట్టి క్రిందికి దిగుచుండును. అది దిగుచున్నంత కాలము క్రింది ప్రక్కమొగ్గలు నిద్రించుచుండును. 1930ల మొదటి భాగములో థిమన్, స్కూగ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు చిక్కుడు జాతి మొక్క కొనను త్రుంచి చూచిరి, ప్రక్కమొగ్గలు లేచినవి. మరియొక మొక్క కొన త్రుంచి ఆ చోట ఆక్సిన్ పెట్టి చూచిరి. కొన లేకపోయినను ప్రక్కమొగ్గలు లేవలేదు.

ఇది తెలిసినవానికి రెండు విధములైన కోతల భేదము తెలియును.

మొదటిది తల త్రుంచుట. కొమ్మను సగములో కోసినచో, కోతకు దిగువనున్న రెండు మూడు మొగ్గలు ఒక్కసారిగా లేచును. పొద పైభాగము దట్టమగును. బోసిగానున్న పొదకు ఇది మేలు. అయితే ఏటేట ఇదియే చేయుచు వచ్చినచో పైన గొడుగువలె ఆకు నిండి, లోపలికి ఎండ గాని గాలి గాని పోక, క్రింద కఱ్ఱలు మాత్రము మిగులును.

రెండవది పలుచచేయుట. ఒక కొమ్మను అది పుట్టిన చోటికే, అనగా పెద్దకొమ్మ మొదటికి గాని నేలకు గాని కోసి పూర్తిగా తీసివేయుట. దీనివలన రెమ్మలు గుంపుగా లేవవు. లోపలికి వెలుతురు వచ్చును, పొద తన సహజమైన ఆకారమును నిలుపుకొనును.

ఏ పొదకైనను ముందు పలుచచేసి, అటు తరువాత అవసరమైనంత మట్టుకే తల త్రుంచవలెను. మనలో పలువురు మొదటిదానిని విడిచి రెండవదానినే చేయుదురు.

4. ఎందుకు: కత్తి పట్టకముందు అడుగవలసిన ప్రశ్న

పొద చుట్టు ఒకసారి నడచి చూడుడి. ఒక కఱ్ఱతో పొదను మెల్లగా తట్టుడి. లోపల పాముండినచో తొలగిపోవును. పిట్టగూడున్నదేమో చూడుడి. పిగిలిపిట్టలు, ఆకులు కుట్టి గూడు కట్టు చిన్నపిట్టలు ఇట్టి పొదలలోనే పిల్లలను పెట్టును. గూటిలోని తల్లిని పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక కట్టడ యున్నది. పిల్లలు ఎగిరిపోవువరకు కొన్ని వారములు ఆగుట మనకు కష్టము కాదు.

తరువాత ఈ వరుసను పనిచేయుడి.

మొదట ఎండిన కొమ్మలను తీసివేయుడి. ఎండినదో లేదో సందేహమైనచో గోటితో బెరడు గీరుడి; లోపల పచ్చగానున్నచో అది బ్రదికియున్నది. రెండవది, తెగులు తగిలిన కొమ్మలు. మందారపు కొనలకు తెల్లని పిండినల్లి పట్టి ఆకులు ముడుచుకొనిపోయినచో, ఆ కొనలను మంచి కఱ్ఱ వచ్చువరకు కోసి పాతిపెట్టుడి. మూడవది, విరిగినవి. నాలుగవది, ఒకదానితో నొకటి ఒరసికొనుచున్న కొమ్మలలో బలహీనమైనది. అయిదవది, లోపలికి తిరిగి పెరుగుచున్నవి.

ఈ అయిదింటిని తీసివేసిన తరువాత రెండడుగులు వెనుకకు వచ్చి మరల చూడుడి. చాలమారులు పని అప్పటికే ముగిసియుండును. ఇంకను కోయవలసియుండినను, ఒక్క పర్యాయములో పొదయొక్క మూడవ వంతుకు మించి తీయకూడదు. ఆకే చెట్టుకు అన్నము వండిపెట్టునది. ఆకంతయు పోయినచో వేరు పస్తుండవలెను.

5. ఎక్కడ: కోత పడవలసిన చోటు

చిన్న రెమ్మను కోయునప్పుడు మొగ్గకు పావు అంగుళము పైన కోయుడి. పొదకు వెలుపలి వైపు తిరిగియున్న మొగ్గనే ఎంచుకొనవలెను, ఏలయనగా మొగ్గ ఏ వైపు చూచునో క్రొత్త రెమ్మ ఆ వైపే పోవును. గులాబి, మందారములవలె ఆకులు ఒకటి విడిచి ఒకటి పుట్టు మొక్కలలో కోత కొంచెము ఏటవాలుగా, నీరు మొగ్గ మీదికి కాక అవతలికి జారునట్లుండవలెను. నూరువరహాలు, నందివర్ధనమువలె ఆకులు జంటలుగా పుట్టు వాటిలో జంటకు కొంచెము పైన తిన్నగా కోసిన చాలును. మొగ్గకు మరీ దగ్గరగా కోసినచో మొగ్గ ఎండును. మరీ దూరముగా కోసినచో మిగిలిన తుంట ఎండి పుచ్చునకు త్రోవ అగును.

పెద్ద కొమ్మను మొదటికి కోయునప్పుడు మరింత జాగ్రత్త అవసరము. కొమ్మ మాను నుండి పుట్టిన చోట ఉంగరమువలె కొంచెము ఉబ్బియుండును. గాయమును చుట్టివేసికొను శక్తి ఆ ఉబ్బులోనే యున్నది. కావున మానుకు అంటగోసి ఉబ్బును చెక్కివేయకూడదు. ఉబ్బుకు దూరముగా కోసి చిలకకొయ్యవలె తుంటను మిగుల్చకూడదు. ఉబ్బు విడిచి, దాని అంచున కోయవలెను.

బరువైన కొమ్మ ఒక్క కోతలో తెగదు. సగము తెగినంతనే విరిగి, మాను బెరడును చీల్చుకొనుచు పడును. అట్లు కాకుండ మూడు కోతలు వేయుడి. ఉబ్బుకు ఒక అడుగు దూరమున క్రింది వైపు నుండి మూడవ వంతు లోతు మొదటి కోత. దానికి రెండంగుళములు అవతల పై నుండి రెండవ కోత. దీనితో కొమ్మ బరువు పడిపోవును. మిగిలిన తుంటను చేతితో పట్టుకొని ఉబ్బు అంచున మూడవ కోత.

6. ఎప్పుడు: పువ్వు ఏ కఱ్ఱ మీద పూయునో తెలిసికొనుడి

ఇది పాఠములో మిక్కిలి ముఖ్యమైన భాగము. కొన్ని మొక్కలు ఈ కాలమున పుట్టిన లేత రెమ్మ మీదనే పూయును. కొన్నింటికి మొగ్గ రెమ్మ కొననే పుట్టును. మొగ్గ సిద్ధమైయున్నప్పుడు కొనలను కోసినచో పువ్వులనే కోసినట్లగును. మన ప్రాంతములో సాధారణముగా నుండు పొదలను గూర్చి చూతము.

మల్లె. గుండుమల్లెను నవంబరు నెలాఖరు మొదలుకొని జనవరి లోపల కత్తిరింపవలెను. కత్తిరింపునకు ముందు కొన్నాళ్లు నీరు కట్టకుండ ఎండబెట్టి, నేలకు సుమారు ఒకటిన్నర నుండి రెండడుగుల ఎత్తున కోసి, ఎండు పుల్లలను తీసి, మిగిలిన ఆకును దూయుదురు. అటు తరువాత పాదు త్రవ్వి, పశువుల ఎరువు వేసి, నీరు కట్టుదురు. అప్పుడు వచ్చు లేత రెమ్మలు మార్చి నుండి జూన్ వరకు మొగ్గలిచ్చును. ఇదే కోత ఫిబ్రవరి చివరనో మార్చిలోనో వేసినచో, రెమ్మ పెరిగి మొగ్గ తొడుగులోపల మంచి ధర పలుకు దినములు దాటిపోవును. మల్లె మీద బ్రదుకు ఇంటివారు ఈ నెలలను మరువకూడదు.

గులాబి. వానలు వెనుకపట్టిన తరువాత అక్టోబరు, నవంబరులలో కత్తిరింపు. కోసిన ఆరు, ఏడు వారములకు పూయును. క్రిస్మసునకు దేవాలయములో పూలుండవలెనని కోరువారు నవంబరు మొదటి వారములో కోయవలెను. డిసెంబరు మొదట శుభ్రము పేరిట కోయువారికి పండుగనాడు ఆకులే మిగులును. గులాబిలో సన్నని పుల్లలను, అంటుకు దిగువ నుండి లేచు అడవి రెమ్మలను మొదటికి తీసివేయవలెను. ఆ అడవి రెమ్మలను విడిచినచో కొన్నాళ్లకు మంచి గులాబి పోయి, వేరు జాతి ముళ్లపొదయే మిగులును.

మందారము. లేత రెమ్మ మీద పూయును. చలి తగ్గిన తరువాత ఫిబ్రవరిలో గాని, తొలకరి వానలు పడిన తరువాత జూన్, జూలైలలో గాని కోయవచ్చును. ముదిరిన రెండు మూడు కొమ్మలను లోపల నుండి తీసినచో క్రొత్తవి లేచును.

కాగితపు పువ్వు. మనము పువ్వులనుకొను రంగురేకులు నిజముగా ఆకులే. వాటి నడుమ కనబడు చిన్న తెల్లని గొట్టమే పువ్వు. ఇదియు క్రొత్త రెమ్మల మీద పూయును. ఒక పూత ముగిసి రేకులు రాలిన వెంటనే కొనలను కోసినచో మరల పూయును. గట్టిగా కోయవలసియుండినచో వానల మొదట కోయుడి. ముళ్లు కన్నులకు ప్రమాదము. చిన్నపిల్లలను దరి చేరనీయకుడి.

నూరువరహాలు. కొననే గుత్తి పూయును. కావున గుత్తి వాడిన తరువాతనే, దాని దిగువ ఆకుల జంట వరకు త్రుంచవలెను. మాటిమాటికి పై నుండి కత్తెర వేయువారికి పచ్చని గుండ్రని పొద దొరకును గాని ఎఱ్ఱని గుత్తులు దొరకవు.

నందివర్ధనము. దీనికి గట్టి కోత అక్కరలేదు. ఎండు రెమ్మలను, అడ్డమువచ్చినవాటిని తీసిన చాలును. కోసినప్పుడు పాలు కారును, కంటికి తగులనీయకుడి.

అన్నింటికిని వర్తించు మాట ఒకటి. మే నెల మండుటెండలో గట్టి కోత వేయకూడదు. అంతవరకు ఆకు నీడనున్న బెరడు ఒక్కసారి ఎండకు తగిలి పగులును. ముసురు పట్టిన దినములలోను కోయకూడదు. తడి గాయమునకు బూజు త్వరగా పట్టును. కోయుటకు ముందు దినము పాదుకు నీరు పోయుట మంచిది. ఎండిన కొమ్మలను, విరిగినవాటిని మాత్రము ఏ నెలలోనైనను తీయవచ్చును.

7. కంచె కత్తిరింపు

దేవాలయపు ఆవరణము చుట్టు గోరింట గాని మరేదైన పొద గాని కంచెగా పెంచియున్నచోట తరచుగా ఒక లోపము కనబడును. పైన దట్టము, క్రింద సందులు. మేకలు ఆ సందులలో నుండియే దూరును. పైభాగము వెడల్పుగాను, అడుగు ఇరుకుగాను పెరుగనిచ్చుటయే దీనికి కారణము. పై ఆకుల నీడ పడి క్రింది ఆకు చచ్చును.

కంచె అడుగున వెడల్పుగా, పైకి పోయినకొలది సన్నగా ఉండునట్లు ప్రక్కలను వాలుగా కోయవలెను. అప్పుడు నేల వరకు ఎండ తగులును. మొక్క నాటిన మొదటి యేటనే ఒక అడుగు ఎత్తున తల త్రుంచినచో అడుగు నుండియే రెమ్మలు లేచును. ఎత్తు పెరుగవలెనన్న ఆశతో తల త్రుంచక విడిచిన కంచెకు అడుగున రెమ్మలు తెప్పించుట తరువాత మిక్కిలి కష్టము. చివరకు రెండు కొనలకు త్రాడు కట్టి కోసినచో వరుస తిన్నగా వచ్చును.

8. ముదిరిన పొదను బాగుచేయుట

ఇరువది ఏండ్లుగా కత్తి తగులని పొదను చూచి, కొందరు దానిని పెరికివేయవలెననుచున్నారు; కొందరు నేలమట్టముగా నరుకుదమనుచున్నారు. గోరింట వంటి కొన్ని మొక్కలు అట్టి నరుకుడును ఓర్చుకొనును. రాజస్థానములోని సోజత్ ప్రాంతములో గోరింటను పైరుగా పెంచి, ఏటేట నేల దగ్గరకు కోయుదురు. అది మరల చిగిర్చును. అయితే ప్రతి పొదకును ఆ బలము లేదు.

ముదిరిన పొదకు మూడేండ్ల పని పెట్టుకొనుడి. మొదటి యేట మిక్కిలి ముదిరిన కొమ్మలలో మూడవ వంతును నేల దగ్గరకు కోయుడి. మిగిలినవాటిని ముట్టకుడి. రెండవ యేటికి అడుగు నుండి క్రొత్త కొమ్మలు లేచియుండును. అప్పుడు మిగిలిన పాతవాటిలో సగము తీయుడి. మూడవ యేట శేషించినవాటిని తీయుడి. మూడేండ్లలో పొద అంతయు క్రొత్తదగును, ఒక్క యేడును పువ్వు పూర్తిగా లేకపోదు.

లూకా 13వ అధ్యాయములోని తోటమాలి, ఫలింపని అంజూరపు చెట్టును వెంటనే నరుకక ఇంకొక సంవత్సరము గడువు కోరెను. ఆ గడువులో తాను చేయదలచిన పనిని కూడ అతడు చెప్పెను: దాని చుట్టు త్రవ్వి ఎరువు వేయుట. కత్తిరించిన పొదకు మనము చేయవలసినదియు అదియే. పాదు త్రవ్వి, చివికిన ఎరువు వేసి, ఎండుటాకు పరచి, వారము వారము నీరు పోయవలెను. కత్తి పెట్టి విడిచినచో పని సగమే.

9. పనిముట్లు

చిటికెన వ్రేలి లావు వరకు తోటపని కత్తెర చాలును. బొటనవ్రేలికి మించిన కొమ్మకు చేతిరంపము కావలెను. కొడవలి గడ్డికి మంచిది గాని కొమ్మను తెంపక చీల్చును. చీలిన గాయమును చెట్టు చుట్టివేయలేదు. కత్తెర కొనలేనివారు ఇద్దరు ముగ్గురు ఇండ్లవారు కలిసి ఒకటి కొనుక్కొని వాడుకొనవచ్చును. దేవాలయమునకు ఒక కత్తెర, ఒక రంపము ఉండుట మేలు.

తెగులున్న పొదను కోసిన కత్తెరతో మంచి పొదను కోయకముందు, స్పిరిట్ తడిపిన గుడ్డతో దాని అంచులను తుడువుడి. పని ముగిసిన తరువాత జిగురు కడిగి, ఆరబెట్టి, కొంచెము నూనె రాయుడి. మొద్దుబారిన కత్తి చెట్టుకును చేతికిని అపాయము.

10. కోసిన కొమ్మలను ఏమి చేయవలెను? గన్నేరును గూర్చి హెచ్చరిక

మందారపు ఆకులను మేకలకు వేయవచ్చును. తెగులు లేని ఆకులను ఎరువు గుంటలో వేయవచ్చును. గన్నేరు సంగతి వేరు. ఎఱ్ఱగన్నేరు గాని, తెల్లగన్నేరు గాని, పచ్చగన్నేరు గాని, వీటిలో ఆకు, పువ్వు, బెరడు, పాలు, గింజ అన్నియు విషమే. ఆ విషము గుండెను పట్టును. కొద్దిపాటి ఆకులతోనే గొడ్డు చచ్చును. పచ్చి ఆకు చేదుగానుండుటచేత పశువు సాధారణముగా దానిని ముట్టదు. కోసి ఎండిన ఆకు ఇతర మేతతో కలిసినప్పుడు తెలియక తినును. ఎండినను విషము పోదు.

కావున గన్నేరును కోసిన దినము ఈ నాలుగు జాగ్రత్తలు తీసికొనుడి. కోసిన ప్రతి కొమ్మను లెక్కగా ఏరి, పశువులు త్రవ్వలేనంత లోతున పాతిపెట్టుడి. వాటిని కాల్చకుడి, ఆ పొగయు చెడుపు చేయును, ఆ కఱ్ఱలను వంటచెరకుగా అసలే వాడకూడదు. పుల్లను పండ్లు తోముటకు గాని పిల్లలు ఆడుకొనుటకు గాని ఇయ్యకుడి. పని ముగిసిన తరువాత చేతులను, కత్తెరను సబ్బుతో కడుగుడి. పశువు తిన్నదని అనుమానము కలిగినచో నాటుమందు వెదకుచు ప్రొద్దు పుచ్చక, వెంటనే పశువైద్యుని పిలువుడి. మనిషి తిన్నచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండి.

త్రోవ ప్రక్కను, చెరువుగట్టునను గన్నేరు కొమ్మలను పారవేయువాడు తన వాకిలిని శుభ్రపరచుకొని పొరుగువాని దొడ్డిని ఖాళీ చేయుచున్నాడు. ఆ పొరుగువానికి ఒక్కటే ఆవు ఉండవచ్చును.

నెలల పట్టిక

జనవరి: మల్లె కత్తిరింపు ముగింపు, ఎరువు, నీరు.
ఫిబ్రవరి: మందారము.
మార్చి, ఏప్రిల్, మే: గట్టి కోత లేదు, ఎండు రెమ్మలు, వాడిన పూలు మాత్రమే.
జూన్, జూలై: వాన వెలిసిన దినములలో కాగితపు పువ్వు, కంచె, ఫిబ్రవరిలో విడిచిన మందారము.
ఆగస్టు, సెప్టెంబరు: కంచె సవరింపు; నూరువరహాలలో వాడిన గుత్తులు.
అక్టోబరు, నవంబరు: గులాబి.
నవంబరు నెలాఖరు, డిసెంబరు: మల్లె.

కూడికలలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోహాను 15:2లోని రెండు పనులేవి? మీ వాకిటి పొదలో ఏ కొమ్మ మొదటి పనికి, ఏ కొమ్మ రెండవ పనికి తగినది?

2. చెట్టు తన గాయమును ఎట్లు మూసికొనును? మానుకు అంటగోయుట, తుంట మిగుల్చుట, ఈ రెండును ఏల తప్పు?

3. మీ ఇంటి మల్లెను గత యేట ఏ నెలలో కత్తిరించితిరి? మొగ్గ ఏ నెలలో వచ్చెను?

4. మన దేవాలయపు ఆవరణములో గన్నేరు ఉన్నదా? దాని కొమ్మలను ఎవరు కోయుదురు, ఎక్కడ వేయుదురు? ఈ బాధ్యతను ఎవరికి అప్పగింపవలెను?

5. ఆరేండ్లు కత్తిరించి ఏడవ యేట విడుచుట యను కట్టడనుండి, చేయుటకును మానుటకును గల కాలములను గూర్చి మనమేమి నేర్చుకొనగలము?

ఈ మాసపు పని: ఏదైన ఒక్క పొదను ఎన్నుకొనుడి. దాని చుట్టు నడచి, ఎండినవి, తెగులువి, విరిగినవి, ఒరసికొనునవి, లోపలికి తిరిగినవి ఎన్ని యున్నవో లెక్కించి వ్రాసికొనుడి. ఆ పొదకు తగిన నెల వచ్చువరకు మంచి కొమ్మ మీద కత్తి పెట్టకుడి.